రోజూ మోసే బ్యాగులో ఏం పెట్టుకోవాలి? (కాన్పు సంచి గురించి కాదు)

సుద్దముక్క
కాన్పుకి తీసుకెళ్లే సంచి గురించి ఇక్కడ పాత చర్చలు బోలెడున్నాయి, అన్నీ చదివాను. నా గొడవ వేరు. నాకిప్పుడు 24వ వారం. ఇల్లు ఖమ్మంలో, బడి తల్లాడ దాటాక లోపలి ఊళ్లో. బస్సు, ఆ పైన షేర్ ఆటో. రానూ పోనూ రోజుకి మూడు గంటలు.

మొన్న ఒంటిపూట బడి అయ్యాక పన్నెండున్నరకి బయల్దేరితే దారిలో బస్సు ఆగిపోయింది. చుట్టూ మిరప చేలు, ఒకే ఒక్క తుమ్మచెట్టు, దాని నీడలో అప్పటికే పదిమంది. ఫోన్‌లో 4 శాతం ఛార్జింగ్. నీళ్ల సీసా బడిలోనే ఖాళీ అయిపోయింది. పావుగంటకి కళ్లు బైర్లు కమ్మి అక్కడే కూలబడ్డాను. ఒక పెద్దాయన తన సీసాలో మజ్జిగ ఇస్తే తాగి తేరుకున్నా. "ఎన్నో నెలమ్మా? ఏ ఆస్పత్రి? మీ ఆయన నంబరు చెప్పు" అని తలో మాటా అడుగుతుంటే మా ఆయన నంబరు గుర్తు రాలేదు. ఆరేళ్ల కాపురం!

ఇంటికొచ్చి బ్యాగు దులిపి చూశా. టిఫిన్ డబ్బా, నాలుగో తరగతి నోట్సులు పదకొండు, ఎర్ర పెన్నులు మూడు, సుద్దముక్కలు, పిల్లల దగ్గర లాక్కున్న గోళీలు. నాకు పనికొచ్చేది ఒక్కటీ లేదు.

ఇప్పుడు అమ్మ ఒక లిస్టు, అత్తయ్య ఒక లిస్టు, పక్కింటావిడ ఒక లిస్టు. అన్నీ సర్దితే సారె పెట్టెలా తయారైంది, నడుం పడిపోతోంది. నిజంగా రోజూ వెంట ఉండాల్సినవి ఏంటో, పారేయాల్సినవి ఏంటో మోసినవాళ్లే చెప్పండి.

పుల్లమామిడి
గోళీలు ఉంచుకోండి. బస్సు ఆగినప్పుడు కాలక్షేపం.

గోదారిగట్టు
నాకు ఏడో నెల దాకా వేవిళ్లు తగ్గలేదు. నా బ్యాగులో మొదటి వస్తువు కవర్లు. ఖాళీ బ్రెడ్డు కవర్లు దాచుకుని పెట్టుకునేదాన్ని. ఒక జాగ్రత్త: ముందే గాలి ఊది చూడండి, చిల్లు ఉందేమో. నేను చూడలేదు. మిగతా కథ చెప్పను, పక్క సీటాయన ఇస్త్రీ ప్యాంటు గుర్తొస్తే ఇప్పటికీ తల దించుకుంటా.

నాన్నకాబోతున్నా
నేను మా ఆవిడ కోసం ఎక్సెల్ షీట్ చేశాను. 43 ఐటమ్స్. ప్రాధాన్యం ప్రకారం మూడు రంగులు. కావాలంటే ఇక్కడ పెడతా.

పుల్లమామిడి
మోసేది మీరేనా?

నాన్నకాబోతున్నా
...లేదు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
పదకొండేళ్లుగా లేబర్ వార్డులో చేస్తున్నా. సుద్దముక్క గారూ, మీ పోస్టులో అసలు సంగతి మీరే చెప్పేసి దాటిపోయారు: నంబరు గుర్తు రాలేదు. బ్యాగులో అన్నిటికంటే ముందు ఉండాల్సింది ఒక కాగితం. పోస్టుకార్డంత చాలు. మీ పేరు, కాన్పు తేదీ, బ్లడ్ గ్రూపు, ఏ ఆస్పత్రిలో చూపించుకుంటున్నారు, ఇద్దరి ఫోన్ నంబర్లు, బీపీ షుగర్ థైరాయిడ్ ఉంటే అవి, రోజూ వేసుకునే మందులు, పడని మందులు. మీరు మాట్లాడలేని స్థితిలో వస్తే మీ బదులు మాట్లాడేది అదే. తీసుకొచ్చిన ఆటో అతను పాపం ఎంత మంచివాడైనా "ఏమో సిస్టర్, రోడ్డు మీద పడిపోయింది" తప్ప ఇంకేం చెప్పగలడు? అప్పుడు మేం గ్రూపు దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

లోయర్‌బెర్త్
ఫోన్‌లో ఎమర్జెన్సీ ఇన్ఫర్మేషన్ పెట్టుకుంటే లాక్ తీయకుండానే కనిపిస్తుంది కదా, ఇంకా కాగితమేంటి?

నైట్‌డ్యూటీ_సిస్టర్
@లోయర్‌బెర్త్ ఆవిడ ఫోన్‌లో 4 శాతం ఉందని చదివారా? రెండూ పెట్టుకోండి. ఫోన్‌లో అది ఎక్కడుంటుందో ఊళ్లో మజ్జిగ ఇచ్చిన పెద్దాయనకి తెలీదు.

ఓ_నెగటివ్
సిస్టర్ మాట నూటికి నూరుపాళ్లు. నాది పేరులోనే ఉంది. ఐదో నెలలో బాత్రూంలో జారి పడ్డా, కొంచెం బ్లీడింగ్ కనిపించింది. దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి వెళ్తే అక్కడ మనకి ఫైలు లేదు. కాగితం మీద నెగటివ్ అని చూసిన డాక్టరమ్మ ఆ రోజే యాంటీ-డి ఇంజెక్షన్ (నెగటివ్ తల్లి రక్తం పాజిటివ్ బిడ్డ రక్తం మీద తిరగబడకుండా వేసేది) వేయించింది. అలాంటి దెబ్బ తగిలితే 72 గంటల్లోపు పడాలట అది. మామూలుగా 28వ వారంలో వేసేది వేరే. నెగటివ్ గ్రూపువాళ్లు ఇంకోటి కూడా రాసుకోండి, అదే గ్రూపున్న ఇద్దరి నంబర్లు. నాకు ఒకరు మేనమామ, ఇంకొకరు మా వీధి కేబుల్ అబ్బాయి. అమ్మ అతనికి ప్రతి పండక్కీ గారెలు పంపేది. ముందుచూపు.

పుల్లమామిడి
గారెలకి రక్తం. ఈ బేరం బాగుంది.

అమ్మమ్మ63
ఇవన్నీ చదివితే నవ్వొస్తోంది. మా రోజుల్లో తొమ్మిదో నెల్లోనూ బిందెతో నీళ్లు మోసి, నాట్లకి వెళ్లి, ఇంటికొచ్చి కన్నాం. బ్యాగూ లేదు, బ్యాటరీ లేదు. ముందే అన్నీ సర్ది పెట్టుకుంటే దిష్టి తగులుతుంది అనేవారు. పుట్టబోయే బిడ్డకి కొత్త బట్టలు కూడా కొనేవాళ్లం కాదు. మెత్తబడిన పాత నేత చీరలు ఉతికి చింపి ఉంచేవాళ్లం, అంతే.

మన్యంపిల్ల
అమ్మమ్మగారూ, కోపం తెచ్చుకోకండి. కన్నవాళ్లే కదా ఈ కథ చెప్పేది. మా అమ్మ వాళ్ల అక్క చెప్పలేదు, డోలీలో కొండ దిగేలోపే పోయింది. ఇప్పటికీ మా వైపు కొన్ని ఊళ్లకి అంబులెన్సు రోడ్డు దాకానే వస్తుంది, అక్కడిదాకా మోసుకు రావాల్సిందే. కొండ మీది ఊళ్ల గర్భిణుల కోసం సాలూరులో వసతి గృహం పెట్టింది కూడా అందుకే, నెలలు నిండేముందే కిందికి వచ్చి ఉండాలని. మా వదిన అలాగే వచ్చి ఉంది. ఆమె సంచిలో టార్చి, టవలు, రెండు చీరలు, ఎంసీపీ కార్డు (చెకప్‌లన్నీ రాసే తల్లీబిడ్డల కార్డు). ఆశా కార్యకర్త అన్నిటికంటే ముందు కార్డు ఉందా అని చూసింది.

అమ్మమ్మ63
నిజమే తల్లీ. మా తోటికోడలూ అలాగే పోయింది. అవి మేం చెప్పుకోం. దిష్టి మాట వెనక్కి తీసుకోను గానీ, కాగితం పెట్టుకో సుద్దముక్కా.

సుద్దముక్క
ఎంసీపీ కార్డు ఒరిజినల్ రోజూ తిప్పాలా? పోతుందని భయం. తడుస్తుందని లామినేషన్ చేయిద్దామనుకుంటున్నా.

గోదారిగట్టు
అయ్యో వద్దు!! నేను చేయించా. తర్వాతి చెకప్‌లో ఏఎన్ఎం నర్సమ్మ కార్డు పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "బరువూ బీపీ ఇప్పుడు ఎక్కడ రాయనమ్మా, నీ నుదుటి మీదా?" అంది. జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి చాలు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
@గోదారిగట్టు 😂 మాకు నెలకొకరైనా వస్తారు ఇలా.
రోజూ తిరిగేవాళ్లకి నా సలహా: ఇప్పుడు కార్డు, చివరి స్కాన్, చివరి రక్తపరీక్షల జిరాక్సు బ్యాగులో, ఒరిజినల్ ఇంట్లో. ఎనిమిదో నెల వచ్చాక ఒరిజినలే వెంట ఉంచుకోండి. ఫోటోలు తీసి భర్తకీ ఇంకొకరికీ పంపి ఉంచండి.

లోయర్‌బెర్త్
ఆధార్ ఎలాగూ ఉంటుంది, తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఉచిత ప్రయాణం వచ్చాక ఆడవాళ్ల పర్సులో అది లేకుండా ఉందా?

చక్కెరచిలక
గర్భంలో షుగర్ వచ్చి ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ల కోసం నా ముక్క. నేను బ్యాగులో చాక్లెట్ పెట్టుకుని ధీమాగా తిరిగాను. ఒకరోజు లంచ్ ఆలస్యమై చెమటలు, చేతులు వణుకు, మీటర్‌లో 61. చాక్లెట్ తిన్నా తొందరగా ఎక్కలేదు. డాక్టరు తర్వాత చెప్పారు, అందులో కొవ్వు ఉంటుంది కాబట్టి చక్కెర నిదానంగా రక్తంలోకి వెళ్తుందట. 70 కంటే తగ్గితే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్లలో, పావుగంట ఆగి మళ్లీ పరీక్ష. తేరుకున్నాక బిస్కెట్టో చపాతీయో. ఇప్పుడు చిన్న డబ్బాలో కొలిచి పెట్టుకుంటున్నా.

నాన్నకాబోతున్నా
నా షీట్‌లో 17వ నంబర్ చాక్లెట్. మారుస్తున్నా.

పుల్లమామిడి
సుద్దముక్కకి షుగర్ లేదు కదా, ఎండకి ఓఆర్ఎస్ టెట్రా ప్యాకెట్ పెట్టుకుంటే చాలు. బడ్డీ కొట్లో కూడా దొరుకుతుంది.

చక్కెరచిలక
@పుల్లమామిడి అక్కడే ఆగండి. ఆ పేరుతో అమ్మిన తియ్యటి నీళ్లు చాలావరకు అసలు ఓఆర్ఎస్సే కాదు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) ఆ పేరు అలాంటి డ్రింకుల మీద వాడొద్దని చెప్పింది. మందుల షాపులో పొడి ప్యాకెట్ కొనండి, డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉంటుంది. పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకి, మీ సీసా చిన్నదైతే 200 మిల్లీలీటర్ల ప్యాకెట్. పెద్దది చిన్న సీసాలో కలిపేయకండి.

గోదారిగట్టు
లేదా మజ్జిగ పెద్దాయన్ని వెంట తీసుకెళ్లండి.

రంగులరాట్నం
నేనైతే పారాసిటమాల్, వాంతుల మాత్ర, నడుంనొప్పికి ఒక పెయిన్ కిల్లర్, గ్యాస్ మాత్ర, అన్నీ చిన్న పౌచ్‌లో పెట్టుకునేదాన్ని. ఎప్పుడేం అవసరమో.

నైట్‌డ్యూటీ_సిస్టర్
@రంగులరాట్నం ఆ పెయిన్ కిల్లర్ పేరేంటో నేను అడగను గానీ, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి 20 వారాలు దాటాక సొంతంగా అస్సలు వేసుకోకూడదు. లోపలి బిడ్డ కిడ్నీల మీద పడుతుంది, ఉమ్మనీరు తగ్గొచ్చు. బ్యాగులో మీ డాక్టరు రాసిన మందులే, అవీ స్ట్రిప్పుతో సహా. విడి మాత్రలు పెడితే ఏది ఏదో మాకు తెలీదు.

రంగులరాట్నం
నాకేం కాలేదే, బాబు బంగారంలా ఉన్నాడు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
చాలా సంతోషం. అయినా వద్దనే చెప్తా.

సుద్దముక్క
ఐరన్ మాత్ర బడిలోనే వేసుకుంటా, పొద్దున్నే పడట్లేదు. స్టాఫ్ రూమ్‌లో టీతో పాటు.

నైట్‌డ్యూటీ_సిస్టర్
టీతో వద్దు తల్లీ, ఐరన్ ఒంటికి పట్టదు. గంట ఎడం ఉండాలి. నిమ్మరసంతోనో జామకాయతోనో వేసుకోండి. కాల్షియం దానితో కలిపి కాదు, వేరే పూట.

సుద్దముక్క
ఓహ్. మూడు నెలలుగా టీతోనే మింగుతున్నా. పోయిన నెల రక్తం పెరగలేదని డాక్టరమ్మ తిట్టింది కూడా 🤦‍♀️

ఇంకొకటి సిగ్గు విడిచి చెప్పేస్తా. నీళ్లు ఎందుకు అయిపోయాయి అని ఇంట్లో అందరూ అడుగుతున్నారు. నిజానికి నేను పెద్ద సీసా తీసుకెళ్లను. తాగితే వెళ్లాలి. దారిలో ఎక్కడ వెళ్తాం? బడిలో ఉన్న ఒక్క బాత్రూమ్‌కి గడియ లేదు, ఐదో తరగతి పిల్లని కాపలా పెట్టుకుని వెళ్తా. అందుకని పొద్దున్నే ఇంట్లో తాగి, మళ్లీ ఇంటికొచ్చే దాకా వీలైనంత నోరు కట్టుకుంటా.

గోదారిగట్టు
హమ్మయ్య, ఎవరో ఒకరు అన్నారు. నేనూ అంతే. యూరిన్ ఇన్ఫెక్షన్ రెండుసార్లు వచ్చింది.

ఓ_నెగటివ్
+1. మా ఆఫీసులో ముగ్గురం గర్భిణులం, ముగ్గురిదీ ఇదే ప్లాను.

నైట్‌డ్యూటీ_సిస్టర్
ఇది తిట్టాల్సిన విషయమే గానీ తిట్టను, నేనూ డ్యూటీలో ఇదే చేశాను. కానీ ఆపుకుంటే ఇన్ఫెక్షన్, ఇన్ఫెక్షన్ ముదిరితే నెలలు నిండకుండానే నొప్పులు రావొచ్చు. నీళ్లు తక్కువైతే కడుపు బిగుసుకుపోతుంది కూడా. మీరు ఆ రోజు కూలబడింది ఎండ వల్ల మాత్రమే కాదు.

లోయర్‌బెర్త్
రూటు మీద పెట్రోలు బంకులు ఎక్కడెక్కడున్నాయో చూసి పెట్టుకోండి. బంకుల్లో టాయిలెట్ జనం వాడుకోవడానికే, పెట్రోలు కొట్టించుకోకపోయినా అడగొచ్చు. బస్టాండులో అయితే ఐదు రూపాయల బిళ్లలు పర్సులో వేరేగా. కాగితం సబ్బు, చిన్న టవలు, ఒక జత లోదుస్తులు. ఆరో నెల తర్వాత గట్టిగా తుమ్మితే ఏమవుతుందో ఆడవాళ్లందరికీ తెలుసు, మగవాళ్లు షీట్‌లో రాసుకోండి.

నాన్నకాబోతున్నా
రాసుకున్నా. 44.

డల్లాస్_కోడలు
ఇక్కడ కారులోనే సగం ఇల్లు ఉంటుంది కాబట్టి నాకీ బరువు బాధ తెలీదు. బిడ్డ కారు సీటు ముందే బిగించుకోమంటారు, అది లేకపోతే డిశ్చార్జి రోజు తిప్పలే. అదలా ఉంచి, నాకు 34వ వారంలో సూపర్ మార్కెట్లో ఉమ్మనీరు పోయింది. బ్యాగులో పెద్ద సైజు ప్యాడ్లు, నల్ల ప్యాంటు ఉండబట్టి పరువు దక్కింది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
మంచిమాట. రెండు పెద్ద ప్యాడ్లు ఎవరికైనా ఉండాలి. నీరు పోతే టైము ఎంతో చూసుకోండి, ప్యాడ్ మీద రంగు చూడండి. ఆకుపచ్చగానో రక్తంగానో ఉంటే ఇంకా తొందర. నొప్పులు రాలేదు కదా అని ఇంట్లో కూర్చోవద్దు. 37 వారాల్లోపు అయితే అసలు ఆలోచించకుండా 108. టాంపాన్ లాంటివి లోపల పెట్టుకోవద్దు. బ్లీడింగ్, బిడ్డ కదలిక తగ్గడం, ఆగని తలనొప్పి, కళ్ల ముందు మిణుగురులు, ఇవి కనిపిస్తే బ్యాగు వెతుక్కుంటూ కూడా ఆగకండి.

పుల్లమామిడి
108కీ 102కీ తేడా ఏంటి? ఎప్పుడూ కన్ఫ్యూజన్.

మన్యంపిల్ల
ప్రాణం మీదికొస్తే 108, ఎక్కడైనా. 102 ఆంధ్రలో తల్లీబిడ్డా ఎక్స్‌ప్రెస్, కాన్పయ్యాక ప్రభుత్వాసుపత్రి నుంచి ఇంటికి దింపుతుంది. తెలంగాణలో అమ్మఒడి వాహనం, చెకప్‌లకి కూడా తీసుకెళ్తుంది. నొప్పులొచ్చాక 102 కోసం చూస్తూ కూర్చోకూడదు.

లోయర్‌బెర్త్
ఆ కాగితం ఏ భాషలో రాయాలి? డాక్టర్లకి ఇంగ్లిష్ కదా.

మన్యంపిల్ల
ముందు చదివేది డాక్టరు కాదు, కండక్టరు.

ఓ_నెగటివ్
ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లిష్. నేను బ్యాగు ముందు జిప్‌లో పెట్టి, జిప్ మీద ఎర్ర ప్లస్ గుర్తు కుట్టించా. లేకపోతే బయటివాళ్లు మన బ్యాగు వెతకడానికి మొహమాటపడతారు. ఊరికే నంబరు అందరికీ కనపడకుండానూ ఉంటుంది.

సుద్దముక్క
(తొమ్మిది రోజుల తర్వాత)
చేసింది చెప్తా. మధ్యాహ్న భోజనం బియ్యం తూచే కాటా మీద పాత బ్యాగు పెట్టా. 4 కిలోల 200! నోట్సులు బడిలోనే దిద్దడం మొదలుపెట్టా, అక్కడే కిలోన్నర పోయింది. స్టీలు డబ్బా మార్చా. భుజం బ్యాగు పక్కన పెట్టి రెండు పట్టీలది తీసుకున్నా.

ఇప్పుడు ఉన్నవి: కాగితం (రెండు వైపులా, మా ఆయన నంబరు పెద్దక్షరాల్లో), జిరాక్సులు, మందుల స్ట్రిప్పు, చిన్న ఓఆర్ఎస్‌లు రెండు, నిండా నీళ్లతో సీసా, వేరుశనగ చిక్కీ, ఖర్జూరాలు నాలుగు, ప్యాడ్లు రెండు, లోదుస్తులు, టవలు, కాగితం సబ్బు, ఐదు రూపాయల బిళ్లలు, ఛార్జింగ్ వైరుతో చిన్న పవర్ బ్యాంకు, మడిచే గొడుగు, ఊది చూసిన బ్రెడ్డు కవర్లు. నీళ్లు తీసేసి తూస్తే 1 కిలో 350. గొడుగు, పవర్ బ్యాంకులే సగం.

అన్నట్టు హెడ్‌మాస్టర్ గారు కాటా దగ్గర నన్ను చూసి ఏంటమ్మా అన్నారు. చెప్పా, బాత్రూమ్ సంగతి కూడా కలిపి చెప్పేశా. మర్నాడు గడియ వేయించారు. ఐదో తరగతి పిల్లకి ఉద్యోగం పోయిందని అలిగింది.

నైట్‌డ్యూటీ_సిస్టర్
సీసా ఖాళీ అవుతోందా?

సుద్దముక్క
బడిలో ఒకటిన్నర సీసా. నిన్న బస్సులో ఒకావిడ సోలిపోతే నా ఓఆర్ఎస్ ఒకటి ఆవిడకి కలిపిచ్చా. ఇవాళ కొత్తది కొనాలి.

అమ్మమ్మ63
ఏప్రిల్లో సెలవులిస్తారుగా. ఆ తర్వాత ఆ ఎండలో తిరక్కు. బడి తెరిచేనాటికి లీవు పెట్టెయ్యి.

సుద్దముక్క
పెడతా అమ్మమ్మగారూ, 180 రోజులకి అప్లికేషన్ కూడా రాసి ఉంచా. నాలుగు వారాలే ఇంక.

నాన్నకాబోతున్నా
మీ లిస్టు చూశాక నా షీట్ 44 నుంచి 15కి వచ్చింది. ఒక డౌటు. ఆ 1350 గ్రాముల్లో మీ అత్తయ్యగారి లిస్టులోది ఏమీ లేదా?

సుద్దముక్క
ఒక నిమ్మకాయ ఉంది, దిష్టికి. 60 గ్రాములు. వాంతి వచ్చేలా ఉంటే వాసన చూస్తా, మధ్యాహ్నం ఐరన్ మాత్రతో పిండుకుని తాగేస్తా. పొద్దున్నే అత్తయ్య కొత్తది పెడుతుంది. పాతది ఏమైందని ఇంకా అడగలేదు.

పుల్లమామిడి
అడిగితే దిష్టి లాగేసుకుందని చెప్పండి.